కోర్టు బయట ఇద్దరం

కాలేజీలు మళ్ళీ తెరిచేసరికి మా బాస్కెట్‌బాల్ కోర్టు పగుళ్ళలో గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. నందిగామలో ఆ డిగ్రీ కాలేజీకి నేను ఫిజికల్ డైరెక్టర్ని. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వెళ్ళి వస్తుంటాను. కరోనా మొదటి ఉధృతి తగ్గి, పిల్లలు మాస్కులతో తరగతులకు రావడం మొదలైన రోజులవి. గడ్డి పీకించి, వంగిపోయిన రింగు సరిచేయించి, గీతలకు మళ్ళీ రంగు వేయించాను. ఎందుకు వేయిస్తున్నానో నాకే సరిగా తెలియదు. ఆ ఏడాది యూనివర్సిటీ పోటీలు లేవని అప్పటికే చెప్పేశారు.

రంగు ఆరకముందే మా అమ్మాయిల జట్టు వచ్చి నిలబడింది. ఏడాది పాటు ఇళ్ళల్లో ఉండిపోయిన పిల్లలు. కొందరు మిరపకోతలకు వెళ్ళారు. ఒకమ్మాయికి పెళ్ళిచూపులు కూడా అయ్యాయి.

"వాళ్ళు పెట్టకపోతే మనమే పెట్టుకుందాం మేడమ్," అంది కెప్టెన్. చెవిటికల్లు అమ్మాయి. ఫైనలియర్. "ఇప్పుడు ఆడకపోతే ఇంకెప్పుడు ఆడతా నేను?"

ఆ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది. మర్నాడు చుట్టుపక్కల కాలేజీల్లో నాలాంటి పీడీలకు ఫోన్లు చేశాను. నాతో కలిపి నలుగురం తేలాం. నాలుగు జట్లు, అందరూ అందరితో ఒక్కో మ్యాచ్, ఎక్కువ గెలిచిన జట్టుకు ఒక షీల్డు. వారానికొకటి, అదీ ఉదయం పూట, ఆరుబయట. చూడ్డానికి జనం రాకూడదు. ఆడేటప్పుడు తప్ప మాస్కు తీయకూడదు. ఎవరి సీసాలో నీళ్ళు వాళ్ళవే. ప్రతి మ్యాచ్‌కు ముందు అందరికీ స్వాబ్ పరీక్ష. పాజిటివ్ వచ్చిన వాళ్ళూ, వాళ్ళ పక్కన కూర్చుని ప్రయాణం చేసిన వాళ్ళూ, వాళ్ళతో కలిసి తిన్నవాళ్ళూ ఇంట్లోనే ఉండిపోవాలి.

"కోరి తలనొప్పి తెచ్చుకోవడం ఎందుకమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు. కాదని మాత్రం అనలేదు.

అసలు చిక్కు కెప్టెన్ ఇంట్లోనే వచ్చింది. వాళ్ళ నాన్నకు వెనక టీబీ వచ్చి తగ్గింది. ఊపిరితిత్తులు సరిగా లేని మనిషి. "నేను ఆడతా మేడమ్. కానీ నా వల్ల నాన్నకేమన్నా అయితే?" అని ఆ పిల్లే అడిగింది. ఆ ఆదివారం చర్చి అయ్యాక నేను చెవిటికల్లు వెళ్ళాను.

ఆయన కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాడు. ఆ ఘాటుకు నాకు ఆగకుండా దగ్గొచ్చింది. దగ్గితే ఎవరికైనా సంజాయిషీ చెప్పుకోవాల్సిన కాలమది. "కాయల ఘాటేనండి, జ్వరం గిరం ఏం లేదు," అన్నాను. ఆయన నవ్వి, దూరంగా ఒక గోనెసంచి వేసి కూర్చోమన్నాడు.

"మీరు చెప్పండి మేడంగారూ, భద్రమేనా?"

"భద్రమని నేను చెప్పలేనండి. ఏమేం చేస్తామో మాత్రం చెబుతా."

అన్నీ చెప్పాను. ఆయన కాయలు తిరగేస్తూనే విన్నాడు.

"బాగా ఆడే పిల్లకి వస్తే? అప్పుడూ ఆపేస్తారా?"

"ఎవరైనా సరేనండి, ఆపేస్తాం."

"అయితే ఆడుకోనీండి. ఏడాదిగా గోడకేసి కొడతంది బంతి. వినలేక చస్తన్నాం," అన్నాడు.

జట్టులో అందరికంటే బాగా ఆడేది గరికపాడు అమ్మాయి. పొట్టిగా ఉంటుంది కానీ బంతి ఆ పిల్ల చేతిలో ఉందంటే లాక్కోవడం ఎవరి తరమూ కాదు. వాళ్ళ నాన్నకు రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర దాబా ఉంది. ప్రాక్టీసు మొదలైన కొద్దిరోజులకే ఆ పిల్ల వస్తే మిగతా వాళ్ళు జరిగి నిలబడుతున్నారని గమనించాను. ఒకరోజు కెప్టెన్ పైకే అనేసింది.

"ఏమనుకోకే. ఎక్కడెక్కడి లారీల వాళ్ళో మీ దాబాలోనే తింటారుగా. మా నాన్న సంగతి నీకు తెలుసుగా."

"నేను దాబాలో ఉండనే! ఇల్లు వేరు, దాబా వేరు."

"మీ నాన్న రోజూ ఇంటికొస్తాడుగా."

ఆ పిల్ల బంతి కింద పెట్టేసి వెళ్ళిపోయింది. ఎవరిని తిట్టాలో నాకు తోచలేదు. ఒకరిది భయం, ఇంకొకరిది అవమానం. రెండూ నిజమే.

రెండు రోజులు ప్రాక్టీసుకు రాలేదు. మూడో రోజు ఉదయం జగ్గయ్యపేట బస్టాండులో నా ముందు నిలబడింది, భుజాన బట్టల సంచితో. "అమ్మమ్మ వాళ్ళింటికి వచ్చేశా మేడమ్. మ్యాచ్‌లు అయిపోయేదాకా ఇక్కడే. ఇంక నన్నేమీ అనరుగా?" అంది. అప్పటి నుంచి మేమిద్దరం ఒకే బస్సు, ఒకే సీటు. కిటికీ పక్కన ఆ పిల్ల, ఇటు పక్క నేను. చిల్లకల్లు దాటేదాకా మాట్లాడేది, తర్వాత నిద్రపోయేది. తల నా భుజం మీద వాలేది.

మొదటి రెండు మ్యాచ్‌లూ గెలిచాం. ఖాళీ మైదానంలో బంతి చప్పుడు, బూట్ల చప్పుడు, పిల్లల కేకలు మాత్రమే. చప్పట్లు కొట్టేవాళ్ళు లేకపోతే ఆట వెలితిగా ఉంటుందనుకున్నాను కానీ, పిల్లలు ఒకరినొకరు పిలుచుకోవడం అంత స్పష్టంగా నేనెప్పుడూ వినలేదు. కెప్టెన్ రింగు కింద చేయెత్తితే చాలు, గరికపాడు పిల్ల బంతి అక్కడికి పంపేది. ఆటలో దూరం పోయింది. బయట ఇంకా కాస్త ఉంది.

ఆఖరి మ్యాచ్‌కు రెండు రోజుల ముందు పరీక్షల ఫలితాలు ఫోన్లకు వచ్చాయి. పిల్లలందరికీ నెగెటివ్. నాకు పాజిటివ్.

జ్వరం లేదు, దగ్గు లేదు. ఎక్కడ అంటుకుందో ఇప్పటికీ తెలియదు. మా వారిని హాల్లో పడుకోమని, గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. ముందుగా గుర్తొచ్చింది బస్సులో నా భుజం మీద వాలిన తల. ఫోన్ చేశాను.

"నువ్వు ఆడకూడదమ్మా. నా పక్కన కూర్చున్నావుగా."

"నాది నెగెటివ్ వచ్చిందిగా మేడమ్!"

"ఇవాళ నెగెటివ్. నాలుగు రోజులాగితే ఏమవుతుందో తెలీదు."

"ఇల్లు వదిలేసి వచ్చా మేడమ్ ఈ ఆట కోసం," అంది. తర్వాత ఏడుపు. అమ్మమ్మ పక్క నుంచి ఏమైందే అని అడగడం వినిపించింది.

సాయంత్రానికి ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేశారు. "నెగెటివ్ వచ్చిన పిల్లని ఆపడం దేనికమ్మా? ఈ ఒక్కటీ గెలిస్తే షీల్డు మనదేగా." ఆయన పెట్టేయగానే కెప్టెన్ ఫోన్. "దాన్ని రమ్మనండి మేడమ్. అది లేకపోతే మనం ఓడిపోతాం. మాస్కు పెట్టుకునే ఆడుద్ది. మేమెవరం ఏమీ అనుకోం."

దాబా పిల్లని దూరం పెట్టిన నోటితోనే అడుగుతోంది. తప్పుపట్టలేను. ఆ వయసులో నేనైనా అలాగే అడిగేదాన్ని. నాకూ ఆశ లేకపోలేదు. మేం పక్కపక్కన కూర్చున్నామని మా ఇద్దరికి తప్ప ఎవరికీ సరిగా తెలియదు కూడా.

"మీ నాన్నగారికి మాటిచ్చా," అన్నాను. "సరే మేడమ్," అని పెట్టేసింది.

ఇక జట్టు పక్కన నిలబడేవాళ్ళు లేరు. మ్యాచ్ వాయిదా వేద్దామంటే అప్పటికే మళ్ళీ కేసులు పెరుగుతున్నాయని వార్తలు. అవతలి జట్టు పీడీ పెద్దాయన, రిటైర్మెంట్‌కు దగ్గరలో ఉన్నారు. విషయం చెబితే, "మీరు పడుకోండమ్మా. మీ పిల్లల్ని కూడా నేనే చూసుకుంటా," అన్నారు.

అన్నట్టే చేశారు. మా కాలేజీ లెక్చరర్ ఒకావిడ ఫోన్లో వీడియో పెడితే నా గదిలో నేను, అమ్మమ్మ ఇంట్లో ఆ పిల్ల చూశాం. ఆయన రెండు జట్లకూ మధ్యలో కుర్చీ వేసుకున్నారు. తమ పిల్లలకు ఏదో చెప్పి, లేచి వచ్చి మా పిల్లలకూ చెప్పేవారు. "ఎడమ వైపు ఖాళీగా వదిలేస్తున్నారు, చూసుకోండి," అని తమ జట్టు ఎక్కడి నుంచి దాడి చేస్తోందో ఆయనే మా వాళ్ళకు చూపించారు. ఆయన పిల్లలు "సార్!" అని గోల పెట్టారు. ఆయన నవ్వారు.

ఆఖరి నిమిషాల్లో కెప్టెన్‌కు ఐదో ఫౌల్ పడింది; ఐదు పడితే ఆట నుంచి బయటికి రావాల్సిందే. అక్కడితో ఆట మా చేతుల్లోంచి జారిపోయింది. కొద్ది తేడాతో ఓడిపోయాం. కెప్టెన్ నేరుగా ఫోన్ దగ్గరికి వచ్చింది, చెమటతో.

"నువ్వుంటే గెలిచేవాళ్ళమే," అంది గరికపాడు పిల్లతో.

"నేనుంటే నీకు ఐదో ఫౌల్ పడనిచ్చేదాన్నా?" అంది ఆ పిల్ల. ఇద్దరూ నవ్వి, ఇద్దరూ ఏడ్చారు. నేను నా వైపు మైకు ఆపేసుకున్నాను.

రెండు రోజుల తర్వాత ఆ పిల్లకు ఒళ్ళు నొప్పులు మొదలయ్యాయి. మళ్ళీ పరీక్ష చేయిస్తే పాజిటివ్. వాళ్ళ నాన్న ఫోన్ చేశాడు.

"దాబా మంచిది కాదని ఇక్కడి నుంచి పంపేశాం మేడమ్. చివరికి..." అన్నాడు.

"అవునండి. నా దగ్గర్నుంచే అయి ఉంటది," అన్నాను. ఆయన "మీకెట్లా ఉంది?" అని అడిగాడు.

నేను ఫోన్ చేసిన రోజు నుంచే ఆ పిల్ల మేడ మీది గదిలో ఉంటోంది. అమ్మమ్మ మెట్ల మీద కంచం పెట్టి దిగిపోయేదట. అమ్మమ్మకు రాలేదు. జట్టులో ఎవరికీ రాలేదు, చెవిటికల్లులో ఆ ఇంటికీ రాలేదు. ఆ పిల్లా నేనూ తేలిగ్గానే బయటపడ్డాం. ఈ కబురు విన్నాక కెప్టెన్ రోజూ ఆ పిల్లకు ఫోన్ చేసేదని తర్వాత తెలిసింది.

కొన్ని వారాలకే రెండో ఉధృతి వచ్చి కాలేజీలు మూతపడ్డాయి. మే నెలలో ఆ పెద్ద పీడీ గారు పోయారు. మా ఆటలు అయిపోయిన చాలాకాలానికి, ఏదో పెళ్ళికి వెళ్ళివచ్చాక జ్వరం వచ్చిందన్నారు. చివరిచూపుకు ఎవరినీ రానివ్వలేదు. మా జట్టు పిల్లలు ఒక్కొక్కరే నాకు ఫోన్ చేసి, రెండు జట్ల మధ్య ఆయన వేసుకున్న కుర్చీ గురించే చెప్పారు.

ఆ సీజన్ పెట్టడం మంచిదేనా అని ఇప్పటికీ ఎవరైనా అడుగుతుంటారు. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి మంచిదే అనడం నాకు ఇష్టం ఉండదు. కాస్త అటూ ఇటూ అయి ఉంటే ఈ మాటే మరోలా చెప్పుకునేదాన్ని. మేం చేయగలిగింది జాగ్రత్త మాత్రమే. దాని అవతల ఉన్నది మా చేతిలో లేదు. అయినా ఏడాది పాటు ఆటకు దూరమైన ఆ పిల్లలు ఎండలో ఒకరినొకరు పిలుచుకుంటూ పరిగెత్తడం చూశాను. అవతలి జట్టుకు కూడా ఆట చెప్పిన మనిషిని చూశాను. అది జరగకపోయినా ఫరవాలేదని మాత్రం అనలేను.

కెప్టెన్ ఇప్పుడు ఒక స్కూల్లో ఆటల టీచరు. మొన్న జగ్గయ్యపేట బస్టాండులో కనిపించింది, చేతిలో వలసంచి నిండా బంతులు.

"వీటికి గాలి ఎక్కడ కొడతారు మేడమ్ ఇక్కడ?" అని అడిగింది. సైకిల్ షాపు చూపించాను. ఇద్దరం కలిసే నడిచాం.