డ్రైవరు గారి మెక్సికో గిన్నె

"ఏమోయ్, ఒక్కసారి ఇలా రా. వాసన చూడు."

పొద్దుటినుంచీ వంటింట్లోంచి మొగుడిది అదే పిలుపు. టైలరమ్మ మిషను ఆపి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, గట్టిగా ఊపిరి వదిలింది. సూది కింద పులితోక సగంలో ఉంది. బడిపిల్లల నాటకానికి పులులు, నక్కలు, ఒక ముసలి ఎలుగుబంటి... అందరి దుస్తులూ ఆవిడ నెత్తినే పడ్డాయి. సాయంత్రానికి పంతులమ్మ వచ్చి పట్టుకుపోతుంది. తోకల్లో దూది కూరడమే ఇంకా కాలేదు.

"ఇప్పుడేగా వచ్చి చూసి వెళ్ళాను!"

"అది జీలకర్ర. ఇది వెల్లుల్లి. వేగిందో మాడిందో చెప్పు."

వెళ్ళింది. చెప్పింది. తిరిగొచ్చి కూర్చుని దారం ఎక్కించుకునేలోపు మళ్ళీ, "ఏమోయ్!"

ఆయన ఏళ్ళ తరబడి సిటీబస్సు నడిపి రిటైరైన మనిషి. వీధిలో అందరికీ డ్రైవరు గారే. ఇంజను వేడెక్కితే మీటరు చూడకుండా ముక్కుతోనే పసిగట్టేవాడు. పక్కింట్లో పాలు పొంగితే గోడ ఇవతలినుంచి కేకేసి చెప్పేవాడు. అలాంటిది, పోయిన చలికాలంలో జ్వరమొచ్చి మంచాన పడ్డాడు. జ్వరం పోతూపోతూ ముక్కుని కూడా పట్టుకుపోయింది. కాఫీ అయినా సబ్బునీళ్ళయినా ఒకటే. డాక్టరు చూసి, "తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు. ఓపిక పట్టాలి" అన్నాడు. ఆ ఓపిక పట్టే పని మాత్రం ఆవిడకే వచ్చి పడింది.

కంచం ముందు కూర్చునేవాడు, రెండు ముద్దలు తినేవాడు, "అట్టముక్క నమిలినట్టుంది" అని లేచిపోయేవాడు. ప్యాంట్లు జారిపోతుంటే నడుము తగ్గించి కుట్టింది ఆవిడే. రెండోసారి తగ్గించాల్సి వచ్చినప్పుడు, కళ్ళలో నీళ్ళకి కుట్టు కనబడక కాసేపు మిషను ఆపేసింది కూడా.

అలాంటి రోజుల్లో ఆసుపత్రిలో నర్సుగా చేసే కూతురు ఒకరోజు డ్యూటీ దిగి వస్తూ, దగ్గర్లోని హోటలునుంచి ఒక గిన్నె కట్టించుకొచ్చింది. మెక్సికో వాళ్ళ పద్ధతిట. అడుగున నిమ్మరసం కలిపిన అన్నం, పైన మసాలా పట్టించి కాల్చిన కోడిముక్కలు, ఒక పక్క ఉడికిన రాజ్మా, ఒక పక్క మొక్కజొన్న గింజలు, పచ్చి ఉల్లి, టమాటా, ఒక చెంచా చల్లటి గట్టి పెరుగు. డ్రైవరు గారు అనుమానంగా మొదలుపెట్టి, అడుగుదాకా ఊడ్చి తిన్నాడు.

"పులుపు తెలుస్తోందే అమ్మాయ్! మంట తెలుస్తోంది! గింజ పంటికింద చిట్లుతోంది. ఏం తింటున్నానో నా నోటికి తెలుస్తోంది!"

తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రాత్రి టైలరమ్మ హాయిగా నిద్రపోయింది. పాపం, తెల్లారాక ఆయన "ఇది నేనే ఇంట్లో చేస్తా" అంటాడని ఆవిడకేం తెలుసు?

ఆ వంట చూస్తే ఎవరికైనా తల తిరుగుతుంది. అందులో ఏదీ దేనితోనూ కలవకూడదట. కాబట్టి దేని గిన్నె దానిదే. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ వంటగట్టు మీదికెక్కాయి. చివరికి ఆవిడ గుండీలు వేసుకునే డబ్బా కూడా ఖాళీ అయి, అందులో ఉల్లిముక్కలు చేరాయి. గుండీలు ఏమయ్యాయంటే, "భద్రంగానే పెట్టాను" అంటాడు. ఎక్కడో గుర్తులేదు.

"ఏమోయ్, కోడిముక్కలు..."

ఇక ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "నా ముక్కేమైనా మీకు అద్దెకిచ్చానా? కళ్ళున్నాయిగా, చూసుకుని వండుకోండి. నన్ను పిలిచారంటే బాగుండదు!"

వంటిల్లు చప్పున చల్లబడిపోయింది. పిలుపు లేదు. టైలరమ్మ టకటకా ఒక తోక ముగించింది, ఇంకో తోక ముగించింది. ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుంటూ మూడోది మెడలో వేసుకుని కత్తెర కోసం వెతుకుతుంటే గుప్పుమని మాడువాసన.

మెడలో తోకతోనే పరిగెత్తింది. అన్నం గిన్నె మూత సందుల్లోంచి నల్లగా పొగ వస్తోంది. ఆయన అటు తిరిగి కూనిరాగం తీస్తూ, మహా శ్రద్ధగా కొత్తిమీర తరుగుతున్నాడు.

"కొంప తగలబెడతారా ఏమిటి!" అని ఒక్క అరుపు అరిచి పొయ్యి కట్టేసింది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. మూత తీసి, అలవాటు కొద్దీ వంగి పీల్చాడు. ఏమీ తెలియలేదు. మళ్ళీ పీల్చాడు.

"నువ్వు పిలవొద్దన్నావుగా" అన్నాడు మెల్లగా. "అంత జనాన్ని ఎక్కించుకుని ఊరంతా తిప్పాను. ఇప్పుడు గిద్దెడు అన్నాన్ని కూడా నన్ను నమ్మి ఎవరూ వదిలేట్టు లేదు."

ఓదార్చాలనే నోరు తెరిచింది ఆవిడ. నోట్లోంచి వచ్చింది మాత్రం, "ఆ కొత్తిమీర అంత సన్నగా ఎవరు తరగమన్నారు? నిలబడి చూస్తారేం, రండి, మిషను అటువైపు పట్టండి."

ఇద్దరూ కలిసి మిషనుని ఈడ్చుకొచ్చి వంటింటి గుమ్మంలో అడ్డంగా పెట్టారు. ఇక ఆయన బయటికి రావాలంటే మిషను మీదుగా దూకాల్సిందే. మాడిన అన్నం పారబోయించి, మళ్ళీ బియ్యం పొయ్యెక్కించి, ఆవిడ దూది కూరుతూ, తల ఎత్తకుండానే, "వెల్లుల్లి చాలు. ముక్కలు తిప్పండి. అన్నం దింపండి, దింపండి అంటున్నానా!" అని అదిలిస్తూ కూర్చుంది. ఆయన చెప్పినట్టల్లా చేశాడు. "కండక్టరు ఎక్కాక బండి బాగా పోతోంది" అన్నాడు చివర్లో. ఆవిడ నవ్వలేదు. నవ్వితే మళ్ళీ మొదలుపెడతాడు.

మధ్యాహ్నం దాటాక తినడానికి కూర్చున్నారు. ఆవిడ చెంచా తీసుకుని అన్నీ కలిపి పారేసింది.

"అయ్యయ్యో! కలపకూడదు!"

"నా కడుపులోకి వెళ్ళాక విడివిడిగా ఉంటాయా?"

ఆవిడకది పెద్దగా నచ్చలేదు. కానీ ఆయన రెండోసారి వడ్డించుకున్నాడు, నిమ్మకాయ సరిపోలేదని వంక కూడా పెట్టాడు. వంకలు పెట్టే ఆకలి ఆయనకి ఎన్నాళ్ళకి వచ్చిందో!

సాయంత్రం పంతులమ్మ వచ్చి, ఎలుగుబంటి చొక్కా మొహం దగ్గర పెట్టుకుని ఆగిపోయింది. "ఇదేమిటండీ, ఏదో వాసన..."

టైలరమ్మ గబుక్కున చొక్కా వెనక్కి తీసుకోబోయింది. డ్రైవరు గారు మాత్రం ఆత్రంగా ముందుకొచ్చాడు. "ఎలా ఉందండీ? కాస్త వివరంగా చెప్పండి!"

ఆమె తికమకపడుతూనే చెప్పింది. "వెల్లుల్లి... నిమ్మకాయ... కాలిన మిరపకాయ లాంటిదేదో. నాకు ఆకలేస్తోందండీ, నిజంగా."

ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఆ తర్వాత ఆమె వద్దంటున్నా వినకుండా ఒక గిన్నె నింపి చేతిలో పెట్టాడు.

ఆయన ముక్కు ఇంకా రాలేదు. గుండీలూ దొరకలేదు. మిషను గుమ్మంలోంచి కదల్లేదు, కొలతలకి వచ్చినవాళ్ళంతా దానికి మోకాలు కొట్టుకుని ఆవిడనే తిట్టుకుంటున్నారు. ఆయన మాత్రం ఈసారి కోడి బదులు చేపలతో చేస్తానని కూర్చున్నాడు. చేపలంటే తనకి పడదని ఆవిడ పెళ్ళయిన నాటినుంచీ చెబుతూనే ఉంది.