మామయ్య గుర్రం ఎందుకు ఊగింది

తల ఊపే గుర్రం సంతోషంతో నాట్యం చేస్తోందని మీకు ఎవరు చెప్పారు? గుర్రమే చెప్పిందా, దాన్ని కట్టేసినవాడు చెప్పాడా? మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ఒక పెళ్లి ఊరేగింపు వెనక చిక్కుకుపోయి అరగంట కారులో కూర్చున్నాను. పెళ్లికొడుకు కింద తెల్లగుర్రం ముందుకాళ్ల మీద బరువు అటూ ఇటూ మారుస్తూ ఊగుతుంటే జనం ముచ్చటపడి ఫోన్లు ఎత్తారు. ఇంతలో బ్యాండు ఆగింది. గుర్రం మాత్రం ఊగడం ఆపలేదు. వాయిద్యం లేకుండా సాగే నాట్యాన్ని నేను నమ్మను.

ఆ ఊగుడు నేను మొదట చూసింది గన్నవరం అవతల మా మేనమామ తోటలో. వ్యాపారం తగ్గించుకున్నాక ఆయనకు గుర్రం మీద మనసు పోయింది. తెల్లటి ఆడగుర్రాన్ని తెచ్చి టైల్స్ వేసిన షెడ్డు కట్టించి, రెండు ఫ్యాన్లు, ఒక దోమతెర ఏర్పాటు చేశాడు. మా అత్తయ్య వంటింట్లో ఒక్క ఫ్యానూ లేదు. పొద్దున్నే కాపలా సాయిబు గారు పగ్గం పట్టుకుని దాన్ని ఇరవై నిమిషాలు గుండ్రంగా తిప్పేవారు. ఇక రోజంతా లోపలే. “దానికి బయట పడదు అల్లుడూ. తలుపు తీసిపెట్టినా రాదు, కావాలంటే చూడు” అనేవాడు మామయ్య. చూశాను. నిజంగానే రాలేదు. అయితే ఉలవల తొట్టి లోపలే ఉంది. అన్నం ఒక్క గదిలోనే వడ్డించి, ఆ గదంటే నీకిష్టం కదా అని అడిగితే ఎవరైనా ఏం చెబుతారు?

రెండో ఏడు నుంచి అది ఊగడం మొదలుపెట్టింది. నాలుగో ఏట ఒక వాస్తు పండితుడు వచ్చి, ఊగే గుర్రం ఉన్న ఇల్లు నిలవదన్నాడు. మామయ్య హడలిపోయి, సోమవారం లారీ ఎక్కించి హనుమాన్ జంక్షన్‌లో పెళ్లిగుర్రాలు నడిపేవాడికి పంపేస్తానన్నాడు. “ఆ కొట్టం నేను చూశానండి. పెళ్లి మేళం ఉన్న రోజే అక్కడి గుర్రాలకి వెలుతురండి, మిగతా రోజులు చీకట్లోనేనండి” అన్నారు సాయిబు గారు నాతో మెల్లగా. లోపల మూసిపెట్టడం వల్లే అది ఊగుతోందని నేను మామయ్యతో గంటసేపు వాదించాను. విసిగిపోయి ఆయన ఒక గడువు పెట్టాడు. “ఆదివారం పొద్దు గూకేదాకా చూస్తా. అది బయట నిలబడిందా, ఉంచుతా.”

ఆదివారం పొద్దున్నే ఉలవలు లోపలా పెట్టించాను, మినుము తీసేసిన పక్క చేలోనూ పెట్టించాను. చేను చుట్టూ కంచె ఉంది. తలుపు తీయగానే గుర్రం బయటికి దూకింది. ఒక చుట్టు పరిగెత్తి, రోడ్డువైపు సకిలించి, మేత ముట్టకుండానే అయిదు నిమిషాల్లో వెనక్కి షెడ్డులోకి వచ్చి మళ్లీ ఊగడం మొదలుపెట్టింది.

“ఏం సైంటిస్టూ, గుర్రానికి ఓటు హక్కిచ్చావుగా! ఎవరికేసింది?” అని మామయ్య పగలబడి నవ్వాడు.

అంతవరకు మామయ్యనూ పండితుణ్ణీ తొట్టినీ అనుమానించిన నేను మొదటిసారి నన్ను నేను అనుమానించుకున్నాను. అది రోడ్డువైపే ఎందుకు సకిలించింది? గేటు బయట సాయిబు గారు గడ్డి తెచ్చే బండి ఉంది, పక్కనే దాన్ని లాగే ముసలి ఆడగుర్రం కట్టేసి ఉంది. బండిగుర్రం పక్కన నిలబెడితే మేలుజాతి గుర్రం విలువ పోతుందని మామయ్య దాన్ని ఏనాడూ లోపలికి రానివ్వలేదు. మనుషులకు పెట్టిన అంటు చాలక గుర్రాలకూ పెట్టాడు.

“నాలుగేళ్లుగా ఒకదాన్నొకటి పిలుచుకుంటానే ఉన్నాయండి” అన్నారు సాయిబు గారు.

“మరి చెప్పలేదేం?”

“చెప్తే నా గుర్రం మేతకి ఎత్తు వేశానంటారండి!”

మామయ్య తల దించుకున్నాడు. అని ఉండేవాడే.

ముసలిదాన్ని చేలోకి వదిలాం. తెల్లగుర్రం తనంతట తానే షెడ్డులోంచి పరిగెత్తుకొచ్చింది. రెండూ మూతులు ఆనించుకున్నాయి, ఒకదాని మెడ ఒకటి గీరుకున్నాయి. తెల్లగుర్రం మట్టిలో పొర్లి నల్లగా లేచింది. పొద్దు గూకినా షెడ్డువైపు చూడలేదు. “రేపు లారీ వద్దని చెప్పు సాయిబూ” అన్నాడు మామయ్య, నా మొహం చూడకుండా.

ఆ రోజు నుంచి షెడ్డు తలుపు పగలు మూయలేదు. కానీ ముసలిది గడ్డికి వెళ్లినప్పుడల్లా తెల్లదాని మెడ మళ్లీ ఊగేది. గొళ్లెం ఒక్క క్షణంలో తీశాం గాని, లోపల ఒంటరిగా గడిచిన నాలుగేళ్లు దాని మెడలోంచి చివరిదాకా పోలేదు. అందుకే ఆలస్యం చేయకండి. మీరు గుర్రాన్ని కట్టేసి ఉంచినా, తెలిసినవాళ్లు ఉంచినా, అది సుఖంగా ఉందన్న మాట నమ్మకండి, నా మాటా నమ్మకండి. రేపు పొద్దున్నే వెళ్లి తలుపు తీయండి, దానికి తోడుగా ఇంకో గుర్రాన్ని వదలండి, పక్కన నిలబడి మీ కళ్లతో చూడండి.