నా మాట మీద తవ్విన బొరియలు

టేకులపల్లి దగ్గర మా పొలానికి ఆనుకుని గడ్డి బీడు ఉంది. అక్కణ్ణుంచి అడవి దాకా మోకాలెత్తు గడ్డే. అందులో, మా గట్లలో ఎలుకలు చేసే కాపురం నా కాపురం కన్నా పద్ధతిగా ఉంటుంది. ఒక్కో బొరియకు నాలుగు దార్లు, లోపల పిల్లలకో గది, వడ్ల కంకులకో గది. మా పంటలో వాటి వంతు అడగకుండానే తీసుకుపోతాయి.

వానాకాలం వరి కోత కాగానే గూడెం నుంచి ఒక పెద్దాయన గడ్డపార, పొగ ఊదే కుండ పట్టుకుని వస్తాడు. బొరియల్లో దొరికిన ఎలుకలు, వడ్లు అన్నీ ఆయనవే. మా గట్లు బాగుపడతాయి. ఆ వారమంతా వాళ్లింట్లో ఎలుక కూర, ఆ వడ్ల అన్నమే. అందుకే తవ్వే ముందు ఒక్క మాట అడుగుతాడు, అదీ మగవాళ్లను కాదు, నన్ను. ఎలుకల మందు కలపాలంటే నూకలు, నూనె నా వంటింట్లోంచే కదా పోవాలి!

మొన్నటి కోతలప్పుడూ అడిగాడు. "అమ్మా, మందు గిట్ట పెట్టిన్రా?"

"లేదు తాతా, తవ్వుకో" అన్నాను. మా ఆయన పక్కనే నిలబడి చెప్పుల మట్టి దులుపుకుంటున్నాడు.

పొద్దెక్కేసరికి నాలుగు బొరియలు తవ్వాడు. ఎలుకలు మత్తుగా ఉంటే పొగకనుకున్నాడు. అన్నీ బుట్టలో వేసుకుని ఆయన భార్య గూడెం వెళ్లిపోయింది. గంటకు పైగా తవ్విన ఐదో బొరియలోంచి తీసిన వడ్లలో నల్లబడ్డ నూకలు కనిపించాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వెల్లుల్లి వాసన, మందు వాసన. నా వైపు ఒకసారి చూసి, గడ్డపార అక్కడే పడేసి పరుగెత్తాడు. నేనూ వెనకాలే పరుగెత్తాను.

మేం చేరేసరికి కూర పొయ్యి మీద ఉడుకుతోంది. మనవలు పళ్లేలు పట్టుకుని కూర్చున్నారు. పెద్దాయన కుండను కాలితో తన్నేశాడు. ఇంకా ఎవరూ తినలేదు. ఆయన భార్య నన్ను చూసి, "మీరే చెప్పిన్రు గదమ్మా" అంది. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి మా ఆయనను నిలదీశాను. నూకలు, నూనె బయట కొని, మోటారు షెడ్డులో కలిపి, రెండు రోజుల ముందే పెట్టాడట.

"మందుకు సగమే చస్తయ్. తవ్వితేనే బొరియలు పోతయ్" అన్నాడు.

"వాళ్లు తింటరని తెల్వదా? నాకెందుకు చెప్పలే?"

"వాసన చూడకుండ తింటరా ఏంది? నీకు చెప్తే నువ్వు లేదనేదానివా? నువ్వు లేదంటేనే గదా ఆయన తవ్వేది."

ఒళ్లు మండిపోయింది. నా మాటకు ఎంత విలువ ఉందో పదిహేనేళ్లు కలిసి బతికిన మనిషికి అంత బాగా తెలుసని నాకు ఆ రోజే తెలిసింది. ఇప్పుడు మా ఆయన ఏది అడిగినా, నా చేత ఆ జవాబు ఎందుకు చెప్పించుకుంటున్నాడా అని ఆలోచించాకే నోరు తెరుస్తున్నాను.