రెండు పొయ్యిల మధ్య రాయబారి

భారత రాయబారిగా మస్కట్‌కు వచ్చి ఏడాదైనా ఇంద్రసేన్ గారికి, యాప్‌లు తయారుచేసి కంపెనీల్లో పెట్టుబడులు పెట్టిన నాటి అలవాటు పోలేదు. మాట్లాడుతున్నంతసేపూ చూపుడువేలితో గాలిలో స్లైడ్లు జరుపుతూ ఉంటారు. ఘాలా లేబర్ క్యాంపులో పప్పులో పులుపు దగ్గర తెలంగాణవాళ్లకీ ఆంధ్రావాళ్లకీ చెడి, మెస్ రెండుగా చీలిందని తెలిసి శుక్రవారం స్వయంగా వెళ్లారు. కోటు గుండీ పెట్టుకుని, రెండు పొయ్యిల మధ్య నిలబడి, విలీనం వల్ల లాభాలు చెప్పసాగారు. అన్నం చల్లారిపోయింది. వేలు మాత్రం ఆగలేదు. నెల రోజులుగా ఆంధ్రా మెస్ ప్రసాద్ బాబుతో మాటల్లేని తెలంగాణ మెస్ లచ్చన్న అతని చెవి దగ్గరకు వంగాడు.

"అన్నా, ఒక్కటే మెస్ అందాం. లేకుంటే ఈ సార్ పోయేటట్టు లేడు."

"సరే, నువ్వు చెయ్యెత్తు. నేను చప్పట్లు కొడతా."

క్యాంపంతా చేతులెత్తింది. ఇంద్రసేన్ గారు కారెక్కుతూ సెక్రటరీని అడిగారు: "సోహార్ క్యాంపులో ఎన్ని మెస్‌లున్నాయి?"