చెల్లెలికి పెట్టిన పథ్యం

ఈ ఉదయం వేడన్నంలో ఆవకాయ కలుపుకుని తిన్నాను, నోరు మండలేదు. ఇదీ ఒక విశేషమేనా అనుకునేవారు ఏడాదిన్నరపాటు నోటిపూతతో పెరుగన్నాన్ని కూడా భయపడుతూ మింగి ఉండరు. గోధుమ మానేసి నాకు ఇవాళ్టికి ఆరు వారాలు. మొదటి వారంలోనే కడుపుబ్బరం తీసింది, మూడో వారానికి తెల్లవారుతూనే బాత్రూముకి పరుగెత్తడం తగ్గింది, ఇప్పుడు రాజమండ్రిలో మేముండే రెండో అంతస్తుకి మధ్యలో ఎక్కడా ఆగకుండా మెట్లెక్కి వస్తున్నాను. మన వయసువాళ్ళందరిలాగే నేనూ షుగరు భయంతో పదేళ్ళుగా రాత్రిపూట చపాతీలే తిన్నాను, నీరసం చేసినప్పుడల్లా బలానికని ఇంకొకటి వేసుకున్నాను కూడా. చివరికి రక్తపరీక్షలు చేయించి, గొట్టం వేసి లోపల చూసి, గోధుమలో ఉండే గ్లూటెన్ అనేది నా పేగులకి పడదని డాక్టరమ్మగారు తేల్చారు. బ్రెడ్డు, బిస్కెట్లు, సేమ్యా, బొంబాయి రవ్వ, ఆఖరికి పిండి కలిపిన ఇంగువ కూడా వద్దన్నారు. భయం లేకుండా అన్నం తినమని ఒక డాక్టరు నాతో చెప్పడం నాకు తెలిసి అదే మొదలు.

మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అని కూడా ఆవిడ అడిగారు. లేదండీ అని చెప్పేసి, మందుల చీటీ తీసుకుని ఆటో ఎక్కాను. సగం దూరం వచ్చాక చెల్లెలు గుర్తొచ్చింది. అది పోయి యాభై ఎనిమిదేళ్ళయింది. అయినా అంత తేలిగ్గా లేదండీ అనేసినందుకు ఆటోలో నాకు నామీదే అసహ్యం వేసింది.

మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. నాన్నకి మాగాణి ఉండేది, గాదె నిండా ధాన్యం ఉండేది, మా ఇంట్లో మూడు పూటలా అన్నమే. అయితే ఆ రోజుల్లో మన వైపు అన్నం ఒళ్ళు బాగున్నవాళ్ళ తిండి. ఒంట్లో కాస్త నలతగా ఉంటే చాలు, ముందు అన్నం మానిపించేవారు. అన్నం బరువు చేస్తుందని, గోధుమ తేలిగ్గా అరిగి బలమిస్తుందని పెద్దవాళ్ళందరికీ గట్టి నమ్మకం, ఊళ్ళో డాక్టరుగారిదీ అదే మాట. బ్రెడ్డు అంటే జబ్బుమనిషికి తప్ప ఎవరికీ కొనేవారు కాదు. నాకంటే మూడేళ్ళు చిన్నదైన చెల్లెలికి ఊహ తెలిసినప్పటినుంచీ విరేచనాలే, కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండి పొట్ట మాత్రం ఉబ్బి ఉండేది, నోటినిండా పుళ్ళు. దానికోసం నాన్న సైకిలు మీద రావులపాలెం వెళ్ళి మైనం కాగితం చుట్టిన బ్రెడ్డు తెచ్చేవారు. అమ్మ గోధుమలు దోరగా వేయించి, తిరగలిలో విసిరి, జావ కాచి, పాలూ పంచదారా కలిపి పక్కన కూర్చుని తాగించేది. అమ్మ అంత ఓపిగ్గా నాకెప్పుడూ ఏదీ చేసిపెట్టలేదని నేను కుళ్ళుకునేదాన్ని, ఆ బ్రెడ్డు చూసి నాకు నోరూరేది.

దానికి ఏడో ఏడు నడుస్తుండగా ఆషాఢంలో మా అమ్మమ్మ వచ్చి, మరిడమ్మ జాతరకని పెద్దాపురం తీసుకువెళ్ళి నెలరోజులు తన దగ్గరే ఉంచుకుంది. తిరిగొచ్చినప్పుడు అది బస్సులోంచి తనంతట తనే దిగింది. పొట్ట తగ్గింది, బుగ్గలు తేలాయి, సాయంత్రం నాతో తొక్కుడుబిళ్ళ ఆడింది. అమ్మవారి దయ అని అమ్మ కళ్ళు తుడుచుకుంది, నాన్న మొక్కుబడి పంపించారు. పథ్యం వండడం అమ్మమ్మకి చేతకాదు, మనవరాలు ఏడిస్తే చూడలేదు కూడా, అందుకని ఆ నెలంతా పప్పన్నమూ మజ్జిగన్నమే పెట్టిందని మాటల్లో బయటపడింది. అమ్మ తన తల్లిని మెచ్చుకోకపోగా గట్టిగా చివాట్లు పెట్టింది. దేవతే కాపాడింది కాబట్టి సరిపోయింది, ఇకనుంచైనా బలం పట్టాలని జావ రెండు పూటలది మూడు పూటలు చేసింది. మా ఇంట్లో తెలివిలేనివాళ్ళు ఎవరూ లేరు, అయినా ఆ నెలకీ ఆ అన్నానికీ ఎవరమూ ముడివేయలేకపోయాం.

పదిహేను రోజుల్లో దాని కడుపు మళ్ళీ మొదటికొచ్చింది. ఒక మధ్యాహ్నం నేను అన్నం తింటుంటే అది తన బ్రెడ్డు పట్టుకుని వచ్చి నా పక్కన చతికిలబడింది.

"అక్కా, ఇది నువ్వు తినవే. నాకొక్క ముద్ద పెట్టు. అమ్మతో చెప్పనులే," అంది.

నాకు ఆ బ్రెడ్డంటే ప్రాణం. తీసుకుని ఉంటే ఎంత బాగుండేదో. కానీ పదేళ్ళదాన్ని, పెద్దపిల్లవి, చెల్లెల్ని నువ్వే కనిపెట్టుకుని ఉండాలని అమ్మ చెప్పిన మాట నా బుర్రలో ఉంది. కంచం ఇవతలికి లాక్కుని, లేచివెళ్ళి అమ్మతో చెప్పేశాను. అమ్మ నా తల నిమిరి, మంచిపిల్లవి అంది. చెల్లెలు ఏడవలేదు, అరుగు మీద కూర్చుని ఆ బ్రెడ్డు మెల్లగా తినేసింది. మరి నన్నెప్పుడూ అన్నం అడగలేదు. దసరాకి ముందు చిన్న జ్వరం తగిలితే అది తట్టుకోలేకపోయింది.

దాని జబ్బూ ఇదేనని ఇప్పుడు ఎవరూ రుజువు చేయలేరు. ఆ మాట డాక్టరమ్మగారే అన్నారు, రెండోసారి వెళ్ళినప్పుడు నేను సంగతంతా చెబితే.

ఎనభైతొమ్మిదేళ్ళ మా అమ్మ నా దగ్గరే ఉంటుంది. చూపు ఆనదు గానీ చెవులు చురుకు, నేను మెట్లెక్కే చప్పుడుని బట్టే నాకు నెమ్మదించిందని కనిపెట్టింది. మొన్న పక్కన కూర్చోబెట్టుకుని, ఇంతకీ ఏం మందిచ్చారే అని అడిగింది. గోధుమ మానేశానమ్మా అన్న మాట నోటిదాకా వచ్చింది. అమ్మకి ఆ ఒక్క మాట చాలు, తిరగలి దాకా వెళ్ళిపోతుంది. ఏవో కొత్త మాత్రలమ్మా అన్నాను.

"అప్పట్లో ఆ మాత్రలుంటే చిన్నది దక్కేదేమోనే."

"దక్కేదేమో అమ్మా."

కాలం చాలా మారింది, మంచికే మారింది. ఇవాళ పిల్లకి తిన్నది పడకపోతే పరీక్షలున్నాయి, దేనివల్లో చెప్పే డాక్టర్లున్నారు, అన్నం తినవచ్చునని భరోసా ఇచ్చేవాళ్ళున్నారు. ఆరు వారాలకే నాకింత మార్పు కనిపిస్తోందని అందరూ సంతోషిస్తున్నారు, నేనూ వాళ్ళతోపాటు నవ్వుతున్నాను. కానీ అరవైఎనిమిదేళ్ళ ఈ ముసలి ఒళ్ళే ఇంత త్వరగా కోలుకుంటుంటే ఏడేళ్ళ పిల్ల ఎన్నాళ్ళలో లేచి తిరిగేదో, ఆరోగ్యం కుదుటపడుతున్నకొద్దీ, రోజురోజుకీ నాకు తెలిసివస్తోంది.