ఎవరూ చెప్పనందుకు మిగిలిన షేర్లు

మా చిన్నమ్మ పోయిందన్న కబురు పొద్దున మిల్లు సంగు ఊదిన కాసేపటికి వచ్చింది. మిల్లు కూతను మా రాజపాళయంలో సంగు అంటారు. కబురు తెచ్చిన పాలామె గుమ్మంలోనే ఏడ్చేసింది. "రాత్రి బాగానే మాట్లాడిందమ్మా, తెల్లారి తలుపు తడితే పలకలే" అంది. చేతికంటిన పిండి కూడా కడుక్కోకుండా పరుగెత్తాను. ఆమె మా అమ్మకు చెల్లెలు. మా అమ్మ పోయాక నన్ను "పాపా" అని పిలిచేది ఆమె ఒక్కతే. నాకిప్పుడు మనవడు ఉన్నాడు, అయినా ఆ పిలుపు లేక ఇల్లంతా బోసిగా ఉంది.

చూడడానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. "ఎంత తెలివి! యుద్ధంలో ఊరంతా షేర్లు అమ్ముకుంటే ఆమె ఒక్కతే అమ్మలే." వింటుంటే నాకు ఒళ్లు మండింది. శవం ముందు గొడవెందుకని ఊరుకున్నాను గానీ, ఆ మాట అనొద్దని ఆమె బతికుండగా ఎంత మొత్తుకుందో నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

ఊళ్లో మిల్లు పెట్టాలని పెద్దలు ఇల్లిల్లూ తిరిగి షేర్లు అమ్మిన రోజుల్లో మా చిన్నాన్న చోళపురం దగ్గరి పత్తిచేను అమ్మేసి షేర్లు కొన్నాడు. చేనిచ్చి కాగితాలు తెచ్చుకున్నవాణ్ని ఊరు ఊరికే వదులుతుందా? "ఏమప్పా, ఈ యేడు కాగితాలు ఎన్ని కాయలు కాసినాయి?" అని దారినపోయే ప్రతివాడూ అడిగేవాడు. మిల్లు నడిచి డివిడెండు చేతికొచ్చాక ఆ నవ్విన నోళ్లే ఎక్కువ ధర పెట్టి అలాంటి కాగితాలే కొన్నాయి. అది చూసి సంతోషపడడానికి చిన్నాన్న ఎన్నాళ్లో బతకలేదు, పాపం.

పిల్లలు లేరు. సేత్తూరు నుంచి మా మామ, అంటే ఆమె అన్న, బండి కట్టుకుని వచ్చి తన ఇంటికి రమ్మన్నాడు. చిన్నమ్మ కదల్లేదు. "వదిన మంచిదే అన్నా, కాదనను. కూరలో ఉప్పు ఎంత వేయాలో ఒకరిని అడిగి వేసే బతుకు నాకొద్దు" అంది. షేర్లుండి, డివిడెండుతో గడుస్తున్నంతవరకు ఆ చిన్న ఇల్లు ఆమెది. అవి పోతే సేత్తూరు బండి ఎక్కాల్సిందే. ఇది ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు.

డివిడెండు వచ్చిన రోజున వీధి పిల్లలందరికీ బెల్లం పణియారాలు పోసేది. మనసు బాగాలేకపోతే ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరేది. చాటలో రాళ్లు లేకపోయినా వేళ్లు ఆగేవి కావు. ఆ చాట చప్పుడు వినబడిందంటే మా అమ్మ పని వదిలి వెళ్లి పక్కన కూర్చునేది.

యుద్ధం బర్మా దాకా వచ్చింది. రంగూన్ నుంచి నడిచి వచ్చినవాళ్లు చెప్పిన కథలు విని ఊరు వణికింది. మద్రాసు ఖాళీ అవుతోందన్నారు. జపాన్ విమానాలొస్తే మొట్టమొదట మిల్లు పొగగొట్టం మీదే బాంబు వేస్తారని ఎవరో అన్నారు, అంతే, షేర్లు వదిలించుకుంటే చాలనిపించింది అందరికీ!

మా వీధి చావడి గురించి ఇక్కడ చెప్పాలి. పెళ్లి ముహూర్తమైనా, బావి తవ్వకమైనా మగవాళ్లు చావడిలో కూర్చుని ఒకే మాటగా తేల్చుకుంటారు. ఆ మాట దాటి ఒక్కడు వేరుగా నిలవడం మావాళ్లకు తలవంపులు. ఆడవాళ్లు చావడి మెట్లెక్కరు. ఇంటి మగవాడు వచ్చి చెప్పిందే వాళ్లకు తెలుస్తుంది. షేర్ల సంగతీ అలాగే తేలింది. మదురై నుంచి వచ్చిన ఒక వ్యాపారికి ఒకే పూటలో అందరూ అమ్మేశారు, అతను చెప్పిన తక్కువ ధరకు. చిన్నమ్మకు చెప్పాల్సింది మా నాన్న. తన కంగారులో తాను మరిచిపోయాడు.

మర్నాడు సంగతి తెలిసి ఆమె మా ఇంటికొచ్చిన తీరు నేను మరవలేను.

"అందరివీ అమ్మినారు, నాది మాత్రం విడిచినారే! మొగుడు లేనిదానికి మొగుడి సొత్తు ఎందుకనా బావా?"

"నీమీద ఒట్టు, మరిచినానమ్మా" అన్నాడు నాన్న తల దించుకుని. "ఆ మదురై ఆయన రైలెక్కి పోయినాడు."

ఆమె మా వసారాలో కూలబడి ఏడ్చింది. సేత్తూరు బండి వాకిట్లోకి వచ్చి నిలబడినంత భయం ఆమె కళ్లలో.

బాంబు పడలేదు. నూలుకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది, మిల్లు రాత్రింబవళ్లు తిరిగింది, డివిడెండు పెరిగింది. అమ్ముకున్నవాళ్లు వేళ్లు కొరుక్కున్నారు. అప్పటినుంచి చిన్నమ్మ గుమ్మంలో ఎప్పుడూ ఎవరో ఒకరు, అమ్మకూడదని ఎలా తెలిసిందని అడుగుతూ. మొదట్లో ఆమె ఉన్నదే చెప్పింది: "నాకెవురూ చెప్పలే, దాంతో మిగిలినాయి." ఎవరూ నమ్మలేదు. అదృష్టమని ఒప్పుకుంటే వాళ్ల కడుపుమంట చల్లారదు కదా. కొన్నాళ్లకు, "చెప్పి ఉన్నా నేను అమ్మను" అనడం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్లకు, "వద్దు వద్దంటే వినలే మీరు" అనేసింది! మా నాన్న ఆ మాట విని, నన్ను ఒకసారి చూసి, లేచి బయటికి పోయాడు. ఆమె అబద్ధమాడలేదు. పదిమంది పదేపదే పొగిడితే అది నిజమేనని ఆమెకే అనిపించింది.

యుద్ధం అయ్యాక ఎవరో కొత్త మిల్లు పెడతామంటూ షేర్లు తెచ్చారు. ఊరు చిన్నమ్మ ముఖం చూసింది. ఆమె "కొనండి" అంది. పాత షేర్లలో సగం అమ్మి తానూ కొంది. ఆ మిల్లుకు గోడ కూడా లేవలేదు. అందరి డబ్బూ పోయింది.

అప్పటినుంచి ఆమె పగలు ఒక్కపూటే అన్నం వండుకునేది, రాత్రికి గంజి. ఇల్లు మాత్రం వదల్లేదు. నేను మా ఇంట్లోనుంచి ఏదైనా తీసుకెళ్తే, "దీంట్లో ఉప్పు తక్కువ" అని వంక పెట్టి మరీ తినేది.

విచిత్రం ఏమిటంటే ఊరు ఆమెను తిట్టలేదు. మళ్లీ అడగడానికి వచ్చింది! చావడి పెద్దాయన, పోయిన డబ్బు రాబట్టుకోవాలని, మామిడితోట అమ్మి ఇంకేవో షేర్లు కొనడానికి సిద్ధమయ్యాడు. "ఒకసారి సరిగా చెప్పినావు, ఒకసారి తప్పింది. ఈసారి సరిగా వస్తాది, చెప్పమ్మా" అని ఇంటికొచ్చి కూర్చున్నాడు. రేపు చెప్తానని పంపేసింది. ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి చాటలో బియ్యం తిరుగుతున్నాయి.

"కొనొద్దని చెప్పేస్తే సరిపోతుంది కదా" అన్నాను.

"నా మాట మీద ఆగినాడంటే, రేపు ఇంకొకరి మాట మీద కొంటాడు పాపా. ఎదుటివాడి భయం మనకు భయంగానే కనబడతాది. మన భయం, మన ఆశ మాత్రం తెలివి మాదిరి కనబడతాయి. నాకూ అట్లే కనబడినాయి." చాట పక్కన పెట్టింది. "నాకు మిగిలింది తెలివిగలదన్న పేరొక్కటే. అది ఉన్నంతవరకు వాళ్లు తోటలు అమ్ముతారు."

మర్నాడు మిట్టమధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని చావడికి నడిచింది. మెట్ల కింద ఎండలో నిలబడింది. పైనున్నవాళ్లు ఇటు తిరిగారు.

"ఆ పొద్దు నాకు తెలివి లేదు" అంది. "నాకెవురూ చెప్పలే. చెప్పి ఉంటే మీకంటే ముందు పరిగెత్తి అమ్మి ఉంటాను. తర్వాత తెలివైనదని మీరంటే నమ్మినాను, మీకూ చెప్పి ముంచినాను. తప్పు. నన్ను నమ్మి ఎవురూ తోటలు అమ్మొద్దండి."

"ఎండలో ఎందుకమ్మా, పైకి రా" అన్నారెవరో.

"ఇక్కడే బాగుండాది" అంది.

తోట అమ్మలేదు, ఈనాటికీ ఉంది. నాకు మాత్రం తలుచుకున్నప్పుడల్లా తర్వాత జరిగిందే కనబడుతుంది. పెద్దాయన లేచి నిలబడ్డాడు. మా వైపు మగవాళ్లు దేవుడి ముందు తప్ప ఎక్కడా దించని తుండును భుజం మీద నుంచి తీసి చంకలో పెట్టుకున్నాడు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచి ఒక్కొక్క మెట్టే దిగివచ్చి, కాలిపోయే ఆ మట్టిలో మా చిన్నమ్మకు ఎదురుగా నిలబడ్డాడు.