చింతపండుతో తోమిన బండి

బహ్రెయిన్‌లో నేను పనిచేసిన ఇల్లు అస్కర్ అనే ఊళ్లో ఉండేది. ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు. అందులో పాడైపోయిన ఏసీలు, చేపలు పట్టే తీగ బుట్టలు, వాటన్నిటి వెనక ఒక మూడు చక్రాల బండి. మన ఊళ్లో ఆటో లాంటిది కాదు. కప్పు లేదు, తలుపులు లేవు. ముందొక టైరు, వెనక రెండు, పొంగిన పూరీల్లా లావుగా ఉంటాయి. ఇసుకలో కూరుకుపోకుండా అలా చేస్తారట. మోటారు సైకిలు మీద కూర్చున్నట్టు కాళ్లు చెరోవైపు వేసి కూర్చోవాలి. నేను వెళ్లేసరికి ఆ పూరీలు మూడూ చప్పబడిపోయి, ఎర్ర రంగంతా వెలిసిపోయి, సీటు చిరుగుల్లోంచి స్పాంజి బయటికి వచ్చి ఉంది.

కువైట్ యుద్ధం అయిపోయాక నేను ఆ దేశం వెళ్లాను. ఇంట్లో ఒక ముసలాయన, ఆయన భార్య, నేను. ఇళ్లల్లో పనిచేసే మేమందరం ఇంటాయనను బాబా అనీ, ఇంటావిడను మామా అనీ పిలిచేవాళ్లం. నాకు వచ్చిన అరబ్బీ అంతా మామా వంటింట్లో నేర్పినదే. ఉల్లిపాయలు తరుగుతూ ఆవిడ కబుర్లు చెప్పేది, నేను వింటూ మాటలు పోగు చేసుకునేదాన్ని.

ఆ కబుర్లలో ఎక్కువ భాగం ఆ బండి గురించే. చలికాలం వస్తే అక్కడి జనం ఎడారిలో గుడారాలు వేసుకుని వారాల తరబడి ఉంటారు. ఎండాకాలం మనం మంచాలు వాకిట్లో వేసుకున్నంత ఇష్టంగా వాళ్లు అక్కడికి పోతారు. బాబా యాభై దాటాక, పిల్లలందరూ నవ్వుతున్నా వినకుండా, ఆ బండి కొన్నాడట. సాయంత్రం పూట మామాను వెనక కూర్చోబెట్టుకుని గుడారాల మధ్య తిప్పేవాడట. "మా ఆడపడుచులు మొహాలు మాడ్చుకునేవారు. నేను మాత్రం ఆయన నడుం గట్టిగా పట్టుకుని కూర్చునేదాన్ని" అని చెప్పి తలమీది ముసుగు అంచుతో నోరు మూసుకుని నవ్వేది.

తరవాత బాబాకు మతిమరుపు జబ్బు వచ్చింది. మనవల పేర్లు ముందు పోయాయి. తరవాత పిల్లల పేర్లు. చివరికి మామా పేరు కూడా పోయింది. కోపం, గోల ఏమీ లేవు. ఆవిడ ఎవరో తెలియనట్టు, పరాయి ఇంట్లో అతిథిలా మర్యాదగా ఉండేవాడు. ఆవిడ అన్నం పెడితే "మీకు శ్రమ ఇస్తున్నాను" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడ గరిటె తీసుకుని వంటింట్లోకి వచ్చేసేది. అయినా సాయంత్రం టీ తాగగానే బాబా తప్పకుండా అడిగే మాట ఒకటుండేది: "నా బండి ఎక్కడుంది?" షెడ్డులో ఉందని మేం చెబితే తృప్తిగా తల ఆడించేవాడు.

ఒక సాయంత్రం టీ అయిపోయింది, బాబా ఆ మాట అడగలేదు. మర్నాడూ అడగలేదు. మామా నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు వేసింది.

"బండి కూడా పోతోంది ఆయన బుర్రలోంచి" అంది. "అది పోకముందే దాన్ని లేపాలి. దాని చప్పుడు వింటే దాని మీద కూర్చున్నదాన్ని కూడా గుర్తుపడతాడు. ఒక్కసారి నన్ను పేరుపెట్టి పిలిస్తే చాలు. తరవాత మరిచిపోనీ. బండ్లు బాగుచేసే మనిషి ఎవరైనా నీకు తెలుసా?"

నాకు ఒక్కడే తెలుసు. కరీంనగర్ వైపు వాడు, తుబ్లీలో ఒక గ్యారేజీలో పని. శుక్రవారం సెలవు రోజున అస్కర్‌లో కూలీలుండే క్యాంపుకు, తన ఊరివాళ్ల దగ్గరికి వచ్చేవాడు. ఒకసారి మా వీధి కోల్డ్ స్టోర్‌లో, అంటే కిరాణా కొట్లో, నేను కొట్టువాడితో హిందీలో తంటాలు పడుతుంటే "ఏం గావాల్నో చెప్పక్కా, నేనడుగుత" అని తెలుగులో పలికాడు. అప్పటినుంచి నాకు తమ్ముడు.

తరవాతి శుక్రవారం అతన్ని షెడ్డులోకి తీసుకెళ్లాను. బుట్టలు జరిపి బండి చుట్టూ తిరిగాడు.

"ఎన్నేండ్ల సంది పండుకున్నదక్కా ఇది?"

"ఏడెనిమిదేళ్లయిందంట."

"గిన్నేండ్లు నేను పంటే నన్ను గూడ ఎవ్వలు లేపలేరు" అన్నాడు.

ఆ బండికి తాళంచెవి తిప్పి స్టార్టు చేసేది లేదు. పక్కన ఒక తాడు ఉంటుంది, దాన్ని బలంగా లాగాలి. అతను లాగాడు. తాడు కదల్లేదు. రెండు కాళ్లూ తన్నిపెట్టి లాగాడు. గోడకు కట్టిన తాడులా ఉంది.

"ఇంజను పట్టేసింది" అని ఒక మర విప్పి, ఆ బొక్కలో కాస్త నూనె పోశాడు. గాలి పీల్చే డబ్బా తెరిస్తే నిండా కందిరీగలు పెట్టిన మట్టిగూళ్లు. అవన్నీ గీకి పారేశాడు. "ఇగ వారం దాక ఎవ్వలు ముట్టొద్దు. నూనె నాననియ్యాలె."

గుమ్మంలో నిలబడ్డ మామా అడిగింది, "ఏమంటున్నాడు?"

"వారం పడుకోనిమ్మంటున్నాడు మామా."

"ఇంకా పడుకోవాలా అది!" అని విసుక్కుంది. ఆ వారమంతా పొద్దున్నే లేచి "ఇవాళ శుక్రవారమేనా" అని నన్నడిగేది.

రెండో శుక్రవారం తాడు లాగితే ఇంజను కదిలింది. మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. కానీ పెట్రోలు ట్యాంకు మూత తీసి లోపలికి తొంగిచూసి అతను మొహం చిట్లించాడు. లోపలంతా తుప్పు.

"అక్కా, చింతపండు ఉన్నదా?"

"చేపల పులుసే ఉంది తమ్ముడూ, నిన్న పెట్టాను. తింటావా?"

"తింటగని, ముందుగాల ట్యాంకు తాగాలె."

పులుపు తుప్పును కొరికేస్తుందని అతని నమ్మకం. ఇత్తడి సామాను చింతపండుతో తోమిన చేతులు నావి, నాకేమీ వింతనిపించలేదు. ఊరినుంచి తెచ్చుకున్న చింతపండు ముద్ద సగం వేణ్నీళ్లలో పిసికి, అతను విప్పి తీసిన ట్యాంకులో పోశాను. గులకరాళ్లు గుప్పెడు వేసి మూత బిగించాం. ఒకరి తరవాత ఒకరం ఒళ్లో పెట్టుకుని ఊపాం. మామా కూడా కుర్చీ తెప్పించుకుని, ట్యాంకును చంటిపిల్లలా ఒళ్లో వేసుకుని ఊపింది. చీకటి పడేవేళకు వంచితే కాఫీ రంగు నీళ్లు బుడబుడా వచ్చాయి. లోపల ఇనుము తెల్లగా మెరుస్తోంది.

అతనికి క్యాంపు బస్సు టైమైంది, వెళ్లిపోయాడు. నేను ట్యాంకును పంపు కింద మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, పొద్దున్నే ఎండలో బోర్లించాను. బిందె తోమాక ఇంటిదగ్గర ఏం చేస్తామో అదే.

మూడో శుక్రవారం అతను వచ్చి మూత తీసి, ఒకసారి లోపలికీ ఒకసారి నావైపూ చూశాడు. నేనూ తొంగిచూశాను. లోపల మళ్లీ ఎర్రగా ఉంది.

"నీళ్లతోని కడిగి ఎండకు పెట్టినవా?"

"మరి కడగొద్దా?"

"ఇత్తడి బింద అనుకున్నవా అక్కా! ఇది ఇనుము. ఉప్పుగాలి దేశం. కడిగినంక జెర్రంత నూనె పూయకపోతే మల్ల పడ్తది." అని నవ్వడం మొదలుపెట్టాడు. "మా అమ్మ ఉన్నా గిదే చేస్తుండె. తప్పు నాదే, చెప్పకపోతి."

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ వారంలో బాబా బండి మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఇంకో వారం పోతే ఎలా ఉంటాడో ఎవరికి తెలుసు? మిగిలిన చింతపండు చూస్తే చాలదు. సంగతి మామాకు చెప్పాను. ఆవిడ లోపలికెళ్లి, వాళ్లు మాంసం కూరలో వేసే ఎండు నిమ్మకాయలు, నల్లగా కుంకుడుకాయల్లా ఉండేవి, డబ్బా మొత్తం గిన్నెలో కుమ్మరించి పొయ్యిమీద పెట్టింది. నా చింతపండూ ఆవిడ నిమ్మకాయలూ ఒకే గిన్నెలో ఉడికాయి. ఇల్లంతా ఏదో కొత్త పులుసు వాసన.

"గిది నాకు పెట్టకు అక్కా" అన్నాడు తమ్ముడు.

మళ్లీ ఊపాం. ఈసారి కడగ్గానే అతను లోపల నూనె తిప్పి తీశాడు. అప్పటికి నాకు చదువు రాదు. షెడ్డులోని డబ్బాల మీద ఏం రాసుందో తెలియక, మూత తీసి వాసన చూసి ఏది పెట్రోలో ఏది కిరసనాయిలో చెప్పేదాన్ని. ఈ రాస్తున్న అక్షరాలు ఊరికి తిరిగొచ్చాక, నెత్తి నెరిశాక నేర్చుకున్నవి. పెట్రోలు పాళ్లు సరిచేసే చిన్న యంత్రాన్ని అతను విప్పుతుంటే, ఆ మరలన్నీ విప్పిన వరసలో అన్నం పళ్లెంలో పేర్చి పట్టుకున్నాను. అతను శుభ్రం చేసి ఆ వరసను వెనక్కి నడుచుకుంటూ బిగించాడు. టైర్లకు గాలి కొట్టాడు. ఒకటి సన్నగా బుస్సుమంటున్నా నిలబడింది.

బండిని ఇంటి ముందు ఖాళీ స్థలంలోకి తోశాం. సాయంత్రం ప్రార్థన ఇంకా కాలేదు, ఎండ పచ్చగా ఉంది. మామా బయటికెళ్లేటప్పుడు వేసుకునే నల్ల అబాయా తొడుక్కుని, పండగకు వెళుతున్నట్టు కళ్లకు సుర్మా పెట్టుకుని వచ్చి నిలబడింది. తమ్ముడు తాడు లాగాడు. దగ్గింది. మళ్లీ లాగాడు. దగ్గి ఊరుకుంది. చొక్కా తడిసిపోయేదాకా లాగాడు.

ఆ దగ్గు విని బాబా లోపల్నుంచి వచ్చాడు. గోడ పట్టుకుని, చెప్పులు లేకుండా. ఎవరినీ చూడలేదు. నేరుగా బండి దగ్గరికి వచ్చి, "ఊరికే లాగితే ఎలా? ముందు దాని ముక్కు మూయాలి" అని హ్యాండిలు కింద ఏదో చిన్న పుల్ల పైకెత్తాడు. "యల్లా" అన్నాడు, ఇక లాగమని.

తమ్ముడు లాగాడు. బండి లేచింది. తెల్లటి పొగ, పుల్లటి వాసన, ఆ చప్పుడుకి ఎదురింటి పావురాలన్నీ ఎగిరిపోయాయి. బాబా పుల్ల మెల్లగా కిందికి దించాడు. చప్పుడు సర్దుకుంది. కుర్రవాడిలా కాలు అటువేసి కూర్చున్నాడు.

మామా రెండడుగులు ముందుకు వేసింది. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. బాబా తలెత్తి ఆవిడను చూశాడు. చూసి, పరాయి ఆడవాళ్లను చూసినప్పుడు పెద్దమనుషులు చేసినట్టు చూపు కిందికి దించుకున్నాడు.

"ఉఖ్తీ" అన్నాడు. చెల్లీ అని. "పొద్దుపోతోంది. మీ ఇల్లెక్కడో చెప్పండి, దింపేస్తాను."

మామా కదల్లేదు. నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ కళ్లెత్తి ఆయనను అడిగింది.

"మీ ఇంట్లో ఆవిడ ఏమీ అనదా, పరాయిదాన్ని బండెక్కిస్తే?"

"మా ఆవిడా?" బాబా నవ్వాడు. "అనదు. చాలా మంచిది. మోకాళ్ల నొప్పులున్న ముసలివాళ్లను నడిపిస్తేనే తిడుతుంది."

"నేను ముసలిదాన్నా!" అంది మామా. కళ్లల్లోంచి సుర్మా కారుతోంది. కారుతూండగానే నవ్వుతోంది. నా భుజం ఊతంగా పట్టుకుని, అబాయా మడిచి కాళ్లకింద పెట్టుకుని వెనక ఎక్కింది. ఒక్క క్షణం ఆగి, ఆయన నడుం పట్టుకుంది. బాబా బండి ముందుకు పోనిచ్చాడు.

తమ్ముడు ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని పక్కన పరుగులాంటి నడక నడిచాడు. నేను రెండోవైపు. ఆ ఖాళీ స్థలం చుట్టూ మెల్లగా తిరిగారు. "మీ ఇల్లు ఇదేనా? ఇదేనా?" అని బాబా ప్రతి గేటు దగ్గరా అడుగుతూ ఉంటే, మామా "కాదు, ఇంకా ముందు" అంటూ తిప్పించుకుంది. చివరికి మా గేటు దగ్గర "ఇదే" అంది.

దిగింది. బాబా కదల్లేదు. "తలుపు వేసుకునేదాకా ఉంటాను" అన్నాడు. మామా ఒక్కతే నడుచుకుంటూ లోపలికి వెళ్లి, వెనక్కి ఒకసారి చూసి, తలుపు వేసుకుంది.

"ఖలాస్" అన్నాడు బాబా. "ఇక మనం ఇంటికి పోదాం." తమ్ముడు నావైపు చూశాడు. ఎక్కడికి తీసుకెళ్లమంటావన్నట్టు.

అప్పుడే వంటింటి తలుపులోంచి చుట్టూ తిరిగి మామా వచ్చింది. అబాయా లేదు, ఇంట్లో వేసుకునే పూల గౌను, మొహం కడుక్కుని. "ఇప్పుడా రావడం?" అని ఆయన చెయ్యి పట్టుకుని దింపింది. "ఎవరామె, బండి మీద?"

"ఎవరో పాపం" అన్నాడు బాబా, ఆవిడ మీద బరువంతా ఆనించి గుమ్మం ఎక్కుతూ. "మోకాళ్ల నొప్పులట. నువ్వుంటే నువ్వే దింపిరమ్మనేదానివి."